ఏడో నెల బిడ్డ: గుండె దగ్గరి నాళం, ఊపిరి కథ

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నెలలు నిండక బిడ్డ పుట్టిందంటే ఇంటిల్లిపాదికీ ముందుగా గుర్తొచ్చేది హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ దవాఖానా. ఎటు నుంచి పోయినా వంద కిలోమీటర్ల దారి. ఆ దవాఖానా పుట్టుకే ఒక దుఃఖంలోంచి జరిగింది. టర్కీ ఉస్మానియా రాజవంశపు ఆడపడుచు నిలోఫర్ బేగం 1931లో ఏడో నిజాం రెండో కుమారుడు మొఅజ్జం జా గారిని నికాహ్ చేసుకొని ఇక్కడికి వచ్చారు. 1949లో ఆమె పరిచారిక రఫత్ కాన్పులో చనిపోయింది. తల్లీబిడ్డలకంటూ ఒక మంచి దవాఖానా ఉండి తీరాలని బేగం పట్టుబట్టారు. 1953లో అది తెరుచుకుంది.

అక్కడికి చేరిన మనవాళ్లు తరచుగా వినే మాట, "గుండె దగ్గర నాళం ఇంకా మూసుకోలేదు" అని. అది విని "అయ్యో, గుండెకు రంధ్రమంట" అని ఇంటికి కబురు పెడతారు. రెండూ ఒకటి కావు. అందుకే ఆ నాళం చరిత్ర ఈ సంచికలో చెప్పదలిచాము.

రక్తం గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తుల గుండా ఎడమవైపుకు వస్తుందని పదమూడో శతాబ్దంలోనే రాసిపెట్టినవారు హకీం ఇబ్నున్నఫీస్. డెమాస్కస్‌లో చదివి, కైరోలో వైద్యం చేసి, 1288లో కన్నుమూశారు. గుండె నడిమి గోడలో కనిపించని రంధ్రాలున్నాయన్న గ్రీకు వైద్యుడు గేలెన్ మాటను ఆయన ఒప్పుకోలేదు. ఆ గ్రంథం బెర్లిన్ లైబ్రరీలో ఉన్న సంగతి 1924లో ఒక ఈజిప్టు వైద్యుడు బయటపెట్టేదాకా యూరపు పండితులు ఆయన్ను పట్టించుకోలేదు!

కడుపులోని బిడ్డకు ఊపిరితిత్తులతో పనిలేదు, ప్రాణవాయువు తల్లి మాయ నుంచే అందుతుంది. అందుకని అక్కడికి పోవలసిన రక్తాన్ని ఒక అడ్డదారి నాళం పెద్ద ధమనిలోకి మళ్లిస్తుంది. బిడ్డ పుట్టి గాలి పీల్చాక రెండు మూడు రోజుల్లో అది మూసుకుపోతుంది. నెలలు నిండని బిడ్డలో మాత్రం చాలాసార్లు తెరిచే ఉంటుంది. అప్పుడు రక్తం ఎదురు తిరిగి ఊపిరితిత్తులలోకి పారుతుంది. తూము మూయకుంటే చెరువు కింది మడి మునిగినట్టే.

1938 ఆగస్టులో బోస్టన్ నగరంలో రాబర్ట్ గ్రాస్ అనే యువ సర్జన్ ఏడేళ్ల పాపకు ఈ నాళాన్ని దారంతో ముడివేసి గెలిచాడు. నెలలు నిండని పసికందుల సంగతి అంత సులువు కాలేదు. 1963లో అమెరికా ప్రెసిడెంటు కెన్నెడీ కొడుకే ఐదారు వారాల ముందు పుట్టి, ఊపిరి ఆడక రెండు రోజులకు పోయాడు. గాలి మిషన్లు వచ్చాక కొందరు బతికారు. అయితే మిషన్ ఒత్తిడికీ, ఎక్కువ ఆక్సిజన్‌కూ ఊపిరితిత్తులు మచ్చకట్టి పోతున్నాయని 1967లో నార్త్‌వే అనే డాక్టరు చూపించాడు. 1976లో కీళ్లనొప్పుల మందు ఇండోమెథాసిన్ ఈ నాళాన్ని మూయగలదని తేలింది. తరువాత ఐబుప్రోఫెన్, 2011 నుంచి మనకు తెలిసిన పారాసిటమాల్ కూడా ఆ పనికి వాడసాగారు.

నాళం మూస్తే ఊపిరి బాగుపడాలి కదా? అందరూ అట్లనే అనుకున్నారు. 2001లో కిలో లోపు బరువున్న బిడ్డలకు ఇండోమెథాసిన్ ముందే ఇచ్చి చూస్తే తెరిచి ఉన్న నాళాలు సగానికి తగ్గాయి గానీ, పెద్ద వైకల్యం లేకుండా బతికినవారి సంఖ్య పెరగలేదు. 2023లో యూరపులో, 2024లో బ్రిటన్‌లో వెలువడిన పరీక్షలూ అంతే. తొందరపడి ఐబుప్రోఫెన్ ఇచ్చినందువల్ల ఊపిరితిత్తుల జబ్బు తగ్గలేదు. ఊపిరితిత్తులే పూర్తిగా ఎదగలేదు, నాళం ఒక్కటీ మూస్తే అవెట్లా ఎదుగుతాయి? ఆపరేషన్‌లో గొంతు నరం దెబ్బతినే భయం కూడా ఉంది. 2019లో 700 గ్రాముల బిడ్డకైనా తొడ నరం గుండా పెట్టగల చిన్న బిరడాకు అమెరికా అనుమతి ఇచ్చింది. అదీ అందరికీ అవసరం కాదు. గుండె అలిసిపోతున్న, మిషన్ వదలలేని బిడ్డలకే దాని అవసరం ఎక్కువ.

కాబట్టి డాక్టరుగారు "కొన్నాళ్లు చూద్దాం" అంటే అది నిర్లక్ష్యమని ఎంచి, బిడ్డను ఎత్తుకొని ఇంకో దవాఖానాకు పరుగెత్తవద్దని సభ్యులకు మా మనవి. ఆ దారిలోనే బిడ్డ చల్లబడిపోవచ్చు. ఇక ఖర్చు మాట. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి, ఆ డిసెంబరులోనే నల్లగొండ చేరింది. పిల్లల గుండె ఆపరేషన్లు అందులో ఉన్నాయి. పొలం అమ్మే ముందు ఆ కౌంటర్ దగ్గర అడగండి.

నెలలు నిండకముందే నొప్పులు మొదలైతే తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ బిడ్డ ఊపిరితిత్తులను గట్టిపరుస్తుందని 1972లో న్యూజిలాండ్ డాక్టర్లు లిగిన్స్, హోవీ రాశారు. హైదరాబాదు బండి ఎక్కేముందే మన జిల్లా దవాఖానాలో దాన్ని గురించి అడగాలి.

ఇంటికొచ్చాక రెండేళ్లపాటు ఏ చిన్న జలుబైనా ఛాతీకి దిగవచ్చు. ఇటువంటి బిడ్డ ఉన్న గదిలో బీడీ, కట్టెల పొయ్యి పొగ వద్దు. ఛిల్లా రోజుల్లో పెద్దమ్మలు ప్రేమగా వేసే లోబాన్ పొగ కూడా వద్దే వద్దు, వారికి నచ్చజెప్పాలి. బిడ్డ అద్దాల పెట్టెలో ఉండగా ఏడో రోజు అఖీఖా ఎట్లా అని కంగారు పడనక్కర్లేదు. పద్నాలుగో రోజుకో, ఇరవై ఒకటో రోజుకో జరుపుకోవచ్చునని ఉలమాలు చెప్పే ఉన్నారు.