చెట్టు ముందా, విత్తు ముందా?

గుంటూరు సీమలోని రైతు నేడు మిర్చి, ప్రత్తి ధరలను తన ఫోనులోనే చూచుకొనుచున్నాడు. ఆ తెరపై ‘ప్రత్తి’ అను మాట మనకు రెండక్షరములు. యంత్రము లోపల మాత్రము అది యూనికోడ్ పద్ధతిలో ఏడు గుర్తుల వరుస: ప, పొల్లు, ర, త, పొల్లు, త, గుడి. రకారమును క్రావడిగా మార్చి, రెండవ తకారమును క్రింద వత్తుగా చేర్చి, గుడిని పై తకారమునకు తగిలింపవలెను. పూర్వము తెనాలి ముద్రాశాలలలో అక్షరములు కూర్చువారు చేతులతో చేసిన పని యిదియే.

నేడది రెండు సాఫ్ట్‌వేర్ భాగముల పాలబడినది. అక్షరరూపమును చుక్కలుగా తెరపైకి దించునది ఫ్రీటైప్. ఏ గుర్తునకు ఏ రూపము, ఎచ్చట నిలువవలెనో నిర్ణయించునది హార్ఫ్‌బజ్. రెండింటి మూలమును అందరికిని తెరచియుంచిరి. ఫ్రీటైపును 1996లో డేవిడ్ టర్నర్ ఆరంభించెను. హార్ఫ్‌బజ్ ఆ యింటి బిడ్డయే. ఫ్రీటైపులోని కూర్పుభాగమును పాంగో, క్యూటీ అను వ్యవస్థలు వేర్వేరుగా తీసికొని పెంచినవి. ఒకచోట దిద్దిన తప్పును రెండవచోట మరల దిద్దవలసివచ్చెడిది. పిదప ఆ రెండు ప్రతులను ఒక్కచోటికి చేర్చిరి. 2012 ప్రాంతమున బెహ్దాద్ ఎస్ఫహ్‌బొద్ దానిని క్రొత్తగా వ్రాసెను. పేరు పారసీకము, అయినను మన వత్తులను చక్కగనే పెట్టుచున్నది.

చిక్కు తరువాత వచ్చినది. ఫాంటు కొలతలను ఫ్రీటైపు ద్వారా గ్రహించు ఏర్పాటు హార్ఫ్‌బజ్‌లో కలదు. కావున ఫ్రీటైపు ముందుండవలెను. 2014 నాటికి ఫ్రీటైపులో చిన్న అక్షరముల అంచులను తీర్చు భాగము హార్ఫ్‌బజ్ సాయము కోరసాగెను. కారణము లేకపోలేదు. వత్తురూపములకు వేరుగా యూనికోడ్ సంఖ్య లేదు. అవి యే లిపివో ఫ్రీటైపు తనంతట నెరుగజాలదు. ఇక నేది ముందు?

లినక్సును మూలమునుండి స్వయముగా కట్టుకొనువారు ఒక ఉపాయము పట్టిరి. మొదట హార్ఫ్‌బజ్ లేకయే ఫ్రీటైపు, దానిపై హార్ఫ్‌బజ్, పిమ్మట మరల ఫ్రీటైపు! మడిలో పోసిన మిరపనారును పెరికి చేనిలో నాటు ఒంగోలు రైతునకిది వింత గాదు. కాని ఒక్క పనిని రెండుమారులు చేయుట శ్రమయే.

ఆ బంధమును త్రెంచివేయరాదా యని అడుగవచ్చును. ఏ బంధమును? ఇచ్చట రెండు కలవు. ఫ్రీటైపు హార్ఫ్‌బజ్‌ను అడుగుట ఒకటి. పుటను చూపు కార్యక్రమము హార్ఫ్‌బజ్‌ను అడుగుట వేరొకటి. మొదటిది తెగినచో చిన్న వత్తుల అంచులు కొంత మసకబారవచ్చును. రెండవది తెగి, దానికి బదులు మరియొక కూర్పరి లేనిచో, ఇంగ్లీషు చాలవరకు గడచును. ‘ప్రత్తి’ మాత్రము పొల్లులతో ముక్కలై పరచుకొనును. జిన్నింగు మిల్లులో దూదిని, గింజను వేరుచేయునట్లు ఈ రెంటిని వేరుగా చూడనివారు, అనవసరమని దేనినో తీసివేసి మన భాషనే తీసివేయుదురని మా భయము.

ఇటీవల ఫ్రీటైపులో మరియొక ఏర్పాటు చేరినది. కట్టునప్పుడు హార్ఫ్‌బజ్ అవసరము లేదు. నడచునప్పుడు అది యంత్రములో నున్నచో పిలుచుకొనును, లేనిచో ఉన్నంతలో తన పని చేసికొనును.