ముప్పై ఒకటవ అక్షరం

మా ధర్మపురిలో నరసింహస్వామి కథ తెలియని పిల్లవాడు ఉండడు. హిరణ్యకశిపుడు ఇంటి లోపలా బయటా చావు లేకుండా వరం పొందినాడు, గడపను మరచినాడు. బడిలో ఈ కథను ఎన్నిసార్లు చెప్పినానో లెక్క లేదు. కొంత ఆలస్యంగా మరొక గడప సంగతి నేను నేర్చుకోవలసి వచ్చినది.

2009లో స్వైన్ ఫ్లూ భయం మా ఊరి దాకా పాకినది. మందుల దుకాణం నడిపే నా పాత శిష్యుడొకడు అప్పుడు ఇట్లా అడిగినాడు: "సారూ, ఈ అమాంటడీన్ గోలీలు వణుకుడు రోగానికి ఇస్తున్నం. ఫ్లూకు కూడా పనిచేస్తదని పాత పుస్తకంల ఉన్నది. మరి ఇప్పుడు ఎందుకు ఇస్తలేరు?" నేను తెలుగు పండితుణ్ణి. జవాబు చెప్పలేకపోయినాను. ఆ జవాబే ఈ వ్యాసం.

ఇన్‌ఫ్లుయెంజా అనునది ఇటలీ దేశపు మాట, ప్రభావమని అర్థం. నక్షత్రాల ప్రభావం వలన ఆ జబ్బు వస్తుందని అక్కడివారు నమ్మినారు, మనవారు గ్రహచారం అన్నట్లే. 1918లో ఆ గ్రహచారం లోకమంతటినీ పట్టినది. మన ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యంలోనిది. 1911 జనాభా లెక్కలలో హైదరాబాదు రాజ్యంలో సుమారు 1 కోటి 33 లక్షల మంది ఉండగా, 1921లో సుమారు 1 కోటి 24 లక్షల మందే తేలినారు. ఆ పదేండ్లలో కరవు, ప్లేగు కూడా ఉన్నవి గనుక ఆ లోటునంతా ఒక్క జ్వరం ఖాతాలో వేయరాదు. కాని ఆ జ్వరం పాలు చిన్నది కాదు.

చంపుతున్నదేమిటో అప్పటి వైద్యులకు తెలియదు. మనుషులకు సోకే ఈ వైరస్‌ను స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 1933లో లండనులో గుర్తించినారు. మరి ముప్పై ఏండ్లకు, 1964లో, అమాంటడీన్ అనే రసాయనం దానిని అడ్డగిస్తుందని వెల్లడైనది. 1966లో అమెరికాలో దానిని మందుగా అనుమతించినారు. పనిచేస్తున్నదని తెలుసు, ఎట్లా పనిచేస్తున్నదో తెలియదు. ఆ మర్మం విడిపోవడానికి ఇంకొక పాతికేండ్లు పట్టినది.

మర్మమంతా ఎం2 అనే చిన్న ప్రోటీనులో ఉన్నది. ప్రోటీను అంటే అమైనో ఆమ్లాల దండ. వాటిని అక్షరాలనుకుంటే ఎం2లో ఉన్నవి 97. చంపకమాల పద్యానికి 84 అక్షరాలు. దానికంటె 13 మాత్రమే ఎక్కువ. ఇట్లాంటి దండలు నాలుగు వైరస్ పైపొరలో చేరి, నడుమ సన్నని కాలువను ఏర్పరుస్తవి.

ఆ కాలువ పని ఏమిటంటే, వైరస్ మన కణాన్ని అంటుకోగానే కణమే దానిని ఒక సంచిలో చుట్టి లోపలికి తీసుకుంటుంది. ఆ సంచిలో క్రమంగా పులుపు పెరుగుతుంది. ఎం2 దండలో 37వ స్థానాన ఉన్న హిస్టిడిన్ ఆ పులుపును గుర్తుపట్టగానే కాలువ తెరచుకుంటుంది. ప్రోటాన్లు వైరస్ కడుపులోకి ప్రవహిస్తవి. లోపల జన్యువులను కట్టిపడేసిన ముడులు వదులవుతవి. ఆపైన వైరస్ పొర సంచి పొరతో కలిసిపోయి, జన్యువులు కణంలోకి జారుకుంటవి. కాలువ తెరచుకోకపోతే వైరస్ గడప మీదనే నిలిచిపోతుంది. లోపల ఉన్నట్లూ కాదు, బయట ఉన్నట్లూ కాదు. అమాంటడీన్ చేసేది ఇదే. సీసాకు బిరడా వలె ఆ కాలువలో ఇరుక్కుంటుంది. మందుకు లొంగని వైరస్‌లలో మార్పు ఎం2లోనే ఉన్నదని 1985లో ఇంగ్లండులో అలాన్ హే బృందం చూపినది. అది నిజంగా కాలువేనని 1992లో అమెరికాలో లారెన్స్ పింటో, రాబర్ట్ లాంబ్ బృందం కప్పగుడ్లలో పరీక్షించి నిరూపించినది.

ఇంత తెలిసినాక మందు చేజారినది. ఎం2లో 31వ అక్షరం సెరీన్. దాని చోట ఆస్పరజిన్ చేరినది. పద్యంలో ఒక అక్షరం మారినా గణం చెడకపోతే నడక సాగినట్లే, వైరస్ నడక చెడలేదు. బిరడా మాత్రం పట్టలేదు. విశేషమేమంటే, ఈ మార్పు మందు అంతగా వాడని చోట్ల కూడా వ్యాపించినది. 2006 జనవరి నాటికి అమెరికా ప్రభుత్వ వైద్యసంస్థ ఫ్లూకు ఈ మందు వాడవద్దని చెప్పవలసి వచ్చినది.

2009 మే 16న మన దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ రోగి హైదరాబాదులో తేలినాడు. అమెరికా నుండి వచ్చిన ప్రయాణికుడు. ఆ వైరస్ 31వ స్థానంలో మారిన అక్షరంతోనే పుట్టినది. అందుకే నా శిష్యుని దుకాణంలోని గోలీలు దాని ముందు వట్టివి.

అప్పుడు పనిచేసినది ఒసెల్టమివిర్. దానిని మన దేశంలో తయారుచేయడానికి హైదరాబాదులోని హెటిరో సంస్థకు 2005 డిసెంబరులోనే అనుమతి లభించినది. దాని తయారీకి కావలసిన షికిమిక్ ఆమ్లాన్ని మన వంటింటి అనాసపువ్వు నుండే తీసేవారు. వైరస్ లోపలికి వచ్చే వాకిలిని కాక, కొత్త వైరస్‌లు కణాన్ని విడిచి బయటికి పోయే దారిని ఈ మందు అడ్డుకుంటుంది. ఇక్కడా నిశ్చింత లేదు. అంతకు ముందటి ఏడాదే మామూలు హెచ్1ఎన్1 వైరస్‌లు మరొక చోట ఒక్క అక్షరం మార్చుకొని దీనినీ తప్పించుకున్నవి.

ఇట్లాంటి కాలువలు ఫ్లూకు మాత్రమే లేవు. హెపటైటిస్ సి వైరస్‌కు పి7 ఉన్నది. 2020లో లోకాన్ని నిలిపివేసిన కరోనాకు ఇ అనే ప్రోటీను ఉన్నది. దానిలో 75 అక్షరాలు; శార్దూల పద్యానికి ఒకటి తక్కువ. అయిదు దండలు కలిసి దాని కాలువ అవుతుంది. ఈ జాతి ప్రోటీనులన్నిటినీ శాస్త్రజ్ఞులు వైరోపోరిన్‌లు అంటారు.

హిరణ్యకశిపుడు ఒక్కసారి వరమడిగి ఊరుకున్నాడు. వైరస్ ప్రతి తరంలోనూ కొత్త వరం అడుగుతూనే ఉంటుంది. కనుక మందు ఒకసారి దొరికితే ఎప్పటికీ మనదే అనుకోరాదు. 31వ అక్షరం మారిన వాకిలికి సరిపోయే కొత్త బిరడా కోసం శాస్త్రజ్ఞులు ఇంకా వెదకుతున్నారు.

నాయనా, నీవు చదివిన పాత పుస్తకం అబద్ధం చెప్పలేదు. అది అచ్చయిన తరువాత వైరస్ ఒక్క అక్షరం దిద్దుకున్నది, అంతే.