మచిలీపట్నం కలంకారీ రంగద్దకం

మచిలీపట్నం కలంకారీ కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం, పెడన ప్రాంతాలలో నూలు బట్టపై చెక్క అచ్చులతో చేసే అద్దకం. శ్రీకాళహస్తి కలంకారీలో బొమ్మలను కలంతో గీస్తారు. ఇక్కడ ప్రధానంగా టేకు అచ్చులను వాడతారు. దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. అద్దకానికి కేంద్రమైన పెడన, మచిలీపట్నం నుండి గుడివాడ వెళ్ళే మార్గంలో ఉన్నది.

చరిత్ర

17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుండి అద్దకపు బట్టలు పర్షియాకు, ఆగ్నేయాసియాకు, ఐరోపాకు ఎగుమతి అయ్యేవి. ఆంగ్లేయులు 1611లో ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. ఆనాటి ఎరుపు రంగు చిరివేరు నుండి లభించేది. ఆ వేరులోని ముఖ్యమైన వర్ణద్రవ్యం అలిజరిన్. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్తలు దానిని కృత్రిమంగా తయారుచేశారు. నేడు ఈ ప్రాంతంలో ఎరుపునకు అలిజరిన్ విరివిగా వాడుకలో ఉన్నది.

అద్దకం విధానం

* గంజి తీసిన బట్టను కరక్కాయ కషాయంలో ముంచి ఎండబెడతారు.
* ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టిన ద్రావణంతో నల్లని గీతలు అద్దుతారు.
* ఎరుపు రావలసిన చోట పటిక కలిపిన జిగురును అద్దుతారు.
* కొన్ని రోజులు ఆరనిచ్చి, పారే నీటిలో ఉతుకుతారు.
* కాగులో రంగుతో ఉడికిస్తారు.

పటిక రంగును నూలుకు కట్టి ఉంచుతుంది. అందువలన బట్టంతా రంగులో మునిగినా, ఎరుపు పటిక ఉన్నచోటనే నిలుస్తుంది. ఇనుము ఉన్నచోట అదే రంగు నల్లబడుతుంది. రెండూ కలిపి అద్దినచోట గోధుమ రంగు వస్తుంది. అనగా ఒకే కాగులో పలు రంగులు తేలుతాయి.

పర్యావరణం

రియాక్టివ్ రంగులలో బట్టను ముంచి రంగు వేయునపుడు లీటరు నీటికి పదుల గ్రాముల ఉప్పు కావలసివస్తుంది. ఆ ఉప్పును సాధారణ శుద్ధి పద్ధతులు తొలగించలేవు. కలంకారీలో ఈ ఉప్పు అవసరం లేదు. అయినప్పటికీ సహజ అద్దకం పూర్తిగా నిర్దోషమైనది కాదు. కరక్కాయ కషాయం, జిగురు నీటిలో కుళ్ళి అందులోని ప్రాణవాయువును తగ్గిస్తాయి. ఉడికించుటకు వంటచెరకు ఎక్కువగా ఖర్చవుతుంది. మైలుతుత్తం, క్రోమియం లవణాలు వాడితే విషలోహాలు నీటిలో చేరుతాయి.

పొదుపు మార్గాలు

పటికను బట్ట బరువును బట్టి తూచి వాడితే వృథా తగ్గుతుంది. అద్దిన బట్టను బాగా ఆరనిస్తే ఉతుకులో పోయే పటిక తగ్గుతుంది. చివరి ఉతుకు నీటిని తరువాతి విడత బట్టల మొదటి ఉతుకునకు వాడవచ్చు. వాడిన నీటిని గుంటలో నిలిపి సున్నం కలిపితే పటిక, ఇనుము మడ్డిగా అడుగుకు చేరుతాయి. పొగగొట్టం గల మెరుగైన పొయ్యిలతో వంటచెరకు ఆదా అవుతుంది.

గుడివాడ నుండి దివిసీమ వరకు డెల్టా గ్రామాలలో అనేక తాగునీటి చెరువులు కృష్ణా కాలువలతోనే నిండుతాయి. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు ఉతుకునకు పారే నీరు కూడా కరవవుతుంది. కావున నీటి పొదుపు, శుద్ధి ఊరి తాగునీటికే కాక అద్దకపు వృత్తి మనుగడకు కూడా అవసరం.