మరుపూ మరణమూ: దివిసీమ లెక్కల్లో చేరని సంగతి

కృష్ణా డెల్టాలో మరణాల చరిత్ర వ్రాయబూనినవారికి ముందుగా ఎదురయ్యేది నీరే. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారు. గార్డన్ మెకంజీ 1883లో వెలువరించిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో ఆ వృత్తాంతం ఉంది. అంతకు నెల ముందే కలకత్తాను మరో తుపాను ముంచింది. ఆ రెండు విపత్తుల దరిమిలా 1865లో కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. అయినా 1977 నవంబరు 19న దివిసీమ మళ్ళీ మునిగింది. ప్రభుత్వం చెప్పిన మృతుల సంఖ్యే పదివేల దాకా ఉంది.

ఆ లెక్కలు ఊరివారీగా సాగాయి. వయసువారీగా చూస్తే ఏం తేలుతుందో 1970 నాటి తూర్పు బెంగాల్ తుపాను చెప్పింది. అక్కడ సర్వే చేసిన వైద్యులు పసివారిలోనూ వృద్ధులలోనూ మరణాలు అధికమని గుర్తించారు. చెట్టును పట్టుకొని నిలిచే సత్తువ లేకపోవడం ఒక కారణం. నాకు తోచే మరో ప్రశ్న: హెచ్చరిక విన్నా, విన్న సంగతి మనసులో నిలవని ముసలివాని మాటేమిటి?

ఆ ప్రశ్న ఉప్పెన రాత్రికే పరిమితం కాదు. జ్ఞాపకశక్తీ, వివేచనా సన్నగిల్లిన వృద్ధులు అదే వయసున్న తక్కినవారికంటే త్వరగా మరణిస్తారని అనేక దేశాల పరిశోధనలు తేల్చాయి. అందుకు దారులు చాలా ఉన్నాయి. వేసుకున్న మాత్ర మళ్ళీ వేసుకుంటారు, లేదా అసలు మానేస్తారు. జ్వరమని చెప్పుకోలేరు. పడిపోతారు, దారి తప్పుతారు. కాలువలూ చెరువులూ నిండిన మన సీమలో దారి తప్పడం చిన్న ప్రమాదం కాదు. వ్యాధి ముదిరితే మింగడమే కష్టమై, ఆహారం ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా వస్తుంది. చివరకు మరణానికి కారణం ‘వృద్ధాప్యం’ అంటారు. మరుపు పేరు ఎక్కడా రాదు.

దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి, డిమెన్షియా ఉన్నదని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. స్త్రీలలో, పల్లెలలో, చదువు అందనివారిలో ఇది ఎక్కువ. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో ఈ వ్యాధి సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైనట్టు 2013లో ప్రకటించింది. చదువు రానివారిలోనూ ఆ తేడా కనబడింది. మరుపు తలరాత కాదనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఏముంటుంది?

మనవైపు దీనికి వాడుక పేరు చాదస్తం. ఆ ఒక్క మాటతో విచారణ ముగుస్తుంది. పైగా గుడివాడ చుట్టుపట్ల ఎన్నో లోగిళ్ళలో ఇప్పుడు ఇద్దరు ముసలివాళ్ళే మిగిలారు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు. గమనించవలసిన కళ్ళు దూరమైనాయి.

చదువరులలో దూరదేశాన ఉన్నవారు కొందరుంటారు. ఫోనులో అమ్మ ఒకే మాట మూడుసార్లు అడిగితే విసుక్కోకండి, నవ్వి ఊరుకోకండి, వైద్యునికి చూపించండి. థైరాయిడ్ లోపమో బి12 లోపమో అయితే సరిచేయవచ్చు. కాకపోయినా మాత్రల పెట్టె ఎవరు చూడాలి, తుపాను కబురు వస్తే చేయి పట్టుకొని ఎవరు నడిపించాలి అన్నది ముందే నిర్ణయించుకోవచ్చు. బందరు ఉప్పెన తరువాత సముద్రాన్ని కనిపెట్టడం నేర్చుకున్నాము. ఇంట్లో పెద్దలను కనిపెట్టుకొని ఉండడం ఇంకా నేర్చుకోవలసే ఉంది.