తూర్పు కనుమల కాఫీ: కూలి నుండి సంఘ సభ్యత్వం వరకు – ఒక చారిత్రక పరిశీలన

తూర్పు కనుమల కాఫీ చరిత్రను 1898తో ప్రారంభించడం ఆనవాయితీ. ఆ సంవత్సరం బ్రోడీ అనే బ్రిటిష్ అధికారి తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో ఈ పంటను ప్రవేశపెట్టాడనీ, అది పుల్లంగి, గూడెం ప్రాంతాలకూ, 1920ల నాటికి అరకు, అనంతగిరి, చింతపల్లి వైపుకూ విస్తరించిందనీ కాఫీ బోర్డు కథనం. మొక్క ఎటు ప్రయాణించిందో ఇందులో తెలుస్తుంది. అది ఎవరి భూమిలో, ఎవరి హక్కు కింద పెరిగిందో తెలియదు. సహకార సంఘ చరిత్రకు కావలసింది ఈ రెండవ ప్రశ్నే.

1960లలో అటవీశాఖ సుమారు 10,100 ఎకరాల రిజర్వు అడవిలో కాఫీ తోటలు పెంచింది. నేల కోతను అరికట్టి మాచ్‌ఖండ్ పరీవాహక ప్రాంతాన్ని కాపాడటం దాని ఉద్దేశం. పోడును అడవికి శత్రువుగా చూసిన దృష్టి దీని వెనుక ఉంది. ఈ తోటలు 1985లో అటవీ అభివృద్ధి సంస్థకు బదిలీ అయ్యాయి. వీటిలో గిరిజనుడి స్థానం కూలీది మాత్రమే.

గిరిజన కుటుంబాలు సొంతంగా కాఫీ పెంచడం 1970ల మధ్య నుండి గిరిజన సహకార సంస్థ ద్వారా, ఆ తరువాత సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ద్వారా ఊపందుకుంది. సిల్వర్ ఓక్ నీడలో ఎకరం, రెండెకరాల కాఫీ, చెట్లకు పాకించిన మిరియాలు: ఇదీ ఆ తోటల స్వరూపం. కొడగు, చిక్కమగళూరులలో వలె ఇక్కడ పెద్ద ఎస్టేట్లు ఎందుకు విస్తరించలేదన్న ప్రశ్నకు ఎత్తు, వర్షపాతం సమాధానాలు కావు. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా నిషేధించిన 1959 నాటి నిబంధన, దానిని బిగించిన 1970 సవరణ ప్రధాన కారణాలని భావించవచ్చు. సహకార విజయగాథలలో ఈ చట్టానికి దక్కవలసిన స్థానం దక్కలేదు.

భూమి చేతిలో ఉన్నంత మాత్రాన ధర చేతికి రాదు. కాఫీ పండ్లన్నీ ఒకేసారి పండవు. ఎర్రగా పండిన వాటినే ఏరాలంటే ఒకే మొక్క వద్దకు పలుమార్లు వెళ్లాలి. కోసిన రోజే తోలు తీసి, జిగురు పోయేలా పులియబెట్టి, కడిగి ఆరబెడితే పార్చ్‌మెంట్ తయారవుతుంది. దానికి యంత్రమూ, పుష్కలంగా నీరూ కావాలి. అవి లేని రైతు పచ్చివీ పండువీ కలిపి దూసి, వాకిట్లోనే ఎండబెట్టి, చెర్రీగా సంతలో వ్యాపారికి తూచేవాడు. ముందే అప్పు తీసుకున్నవాడికి రెండవ కోత దాకా ఆగే వెసులుబాటు ఉండదు. కనుక నాణ్యత లోపాన్ని రైతు అజ్ఞానంగా చూపే నివేదికలు కారణాన్ని తారుమారు చేస్తున్నాయి. కాఫీ బోర్డు ఉమ్మడి సేకరణ 1996 నాటికి పూర్తిగా తొలగింది. కొద్ది సంవత్సరాలకే అంతర్జాతీయ ధరలు కుప్పకూలాయి.

ఈ నేపథ్యంలోనే నాంది ఫౌండేషన్ చొరవతో 2007లో చిన్న, సన్నకారు గిరిజన రైతుల పరస్పర సహాయక సహకార సంఘం ఏర్పడింది. దీనికి ఆధారం 1995 నాటి చట్టం. 1964 చట్టం కింద సంఘాలపై రిజిస్ట్రారుకు విస్తృతాధికారాలు ఉండేవి; కొత్త చట్టం ప్రభుత్వ వాటా లేకుండా సభ్యులే సంఘాన్ని నడుపుకునే వీలు కల్పించింది. గిరిజన సహకార సంస్థ పేరులోనూ ‘సహకారం’ ఉంది. అయితే దానిని నడిపేది ప్రభుత్వం నియమించిన అధికారి. సంఘం ఎర్రటి పండ్లనే సేకరించి కేంద్రీకృతంగా శుద్ధి చేయడంతో యంత్రం, నీటి భారం ఒక్కొక్క ఇంటిపై పడకుండా పోయింది. రుచి పరీక్షలో వచ్చిన మార్కులు ధరకు ప్రాతిపదికలయ్యాయి. 2017లో అరకు పేరుతో పారిస్‌లో దుకాణం వెలిసింది.

అయితే రుచికి మార్కులు వేసేవారు, కొనుగోలుదారుతో మాట్లాడేవారు, గుర్తును రూపొందించేవారు అధికంగా కొండ దిగువనే ఉన్నారు. సభ్యత్వం కూలిని యజమానిని చేసింది. బేరగాణ్ణి ఎంతవరకు చేసిందన్నది వేరే ప్రశ్న. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపుకు దరఖాస్తుదారు రైతుల సంఘం కాదు, కాఫీ బోర్డు.