పోస్ట్ మీది, నోటీసు కంపెనీకి

మీ పోస్ట్ ఇండియాలో కనిపించకుండా పోయిందనుకోండి. తీయించింది ఎవరు, ఎందుకు? చాలాసార్లు మీకు తెలీదు. ఈ పద్ధతి ఎలా వచ్చిందో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం.

2004 డిసెంబర్. బాజీ డాట్ కామ్ అనే వేలం సైట్ సీఈఓని ఢిల్లీ పోలీసులు అరెస్ట్ చేశారు. ఎవరో యూజర్ ఆ సైట్‌లో అశ్లీల వీడియో అమ్మకానికి పెట్టాడు, అదీ కేసు. పెట్టింది ఒకడైతే జైలుకి ఇంకొకడా అని పెద్ద చర్చ నడిచింది. 2008లో ఐటీ చట్టాన్ని సవరించి, సెక్షన్ 79 కింద కంపెనీలకు రక్షణ పెంచారు. కాకపోతే షరతులున్నాయి.

అదే సవరణతో 66ఏ, 69ఏ కూడా వచ్చాయి. 66ఏ నేరుగా మన మీదికే వచ్చేది. 2012లో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రాసిన అమ్మాయినీ, దానికి లైక్ కొట్టిన ఫ్రెండ్‌నీ పాల్ఘర్‌లో అరెస్ట్ చేశారు. దేశమంతా గొడవైంది. శ్రేయా సింఘాల్ సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2015 మార్చి 24న కోర్టు 66ఏని కొట్టేసింది. అందరం సంబరపడ్డాం. కానీ అదే తీర్పులో 69ఏ నిలబడింది.

69ఏ మీ జోలికి రాదు, కంపెనీకి ఆర్డర్ ఇస్తుంది. రూల్స్ ప్రకారం ఆ వివరాలు రహస్యం.

2021 ఫిబ్రవరిలో, రైతుల ఉద్యమం టైమ్‌లో దాని బలం కనిపించింది. ప్రభుత్వం చెప్పిన అకౌంట్లను ట్విట్టర్ ఆపి, గంటల్లోనే మళ్లీ తెరిచింది. ప్రభుత్వం నోటీసు పంపింది. ఈ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. ట్విట్టర్ వాటిలో చాలా అకౌంట్లను మళ్లీ ఆపేసింది. 2022లో ఇలాంటి ఆర్డర్ల మీదే కర్ణాటక హైకోర్టుకి వెళ్లింది. 2023 జూన్ 30న ఓడిపోయింది, పైగా 50 లక్షల జరిమానా!

ఇప్పుడు కంపెనీ వైపు నుంచి చూడండి. పోస్ట్ ఉంచితే జైలు, కేసులు. తీసేస్తే ఏ తలనొప్పీ లేదు. ఏది ఎంచుకుంటుందో చెప్పడానికి బీటెక్ అక్కర్లేదు.

అలాగని ఏదీ తీయొద్దని నేననట్లేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్తున్నారన్న వాట్సాప్ పుకార్లకు మనుషుల ప్రాణాలే పోయాయి. తీయండి, కానీ కారణం రాసింది ఎవరో వాళ్లకి చెప్పండి. 66ఏ మీద మనం పోరాడగలిగింది అరెస్టులు కళ్లముందు కనిపించాయి కాబట్టే. కనిపించని ఆర్డర్ మీద ఎవరు కోర్టుకెళ్తారు?

ఆలోచించండి. మళ్లీ కలుద్దాం.