కోనసీమలో స్మార్ట్‌ఫోన్ మరమ్మతు, బ్యాటరీ సంరక్షణ

గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల నడుమ బంగాళాఖాతం దాకా పరుచుకున్న కోనసీమలో స్మార్ట్‌ఫోన్‌కు మూడింటి బెడద ఎక్కువ: వేసవి ఉక్క, ఏడాది పొడవునా వదలని చెమ్మ, వరదల్లో కరెంటు లేని రోజులు. అమలాపురం, రాజోలు, కొత్తపేట సెల్ షాపుల్లో తరచూ వినిపించే ‘ఛార్జింగ్ నిలవట్లేదు’, ‘పిన్ పోయింది’, ‘నీళ్లు పడ్డాయి’ అన్న మాటల వెనుక ఉన్నవి చాలావరకు ఇవే. కంపెనీలు చెప్పే జాగ్రత్తలు ఎక్కడైనా ఒకటే. వాటిలో దేన్ని ఎప్పుడు పాటించాలన్నది మాత్రం ఊరిని బట్టి, రుతువును బట్టి మారుతుంది.

బ్యాటరీ ఎందుకు అరుగుతుంది

ఫోన్‌లో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో సోనీ కంపెనీ దీన్ని మొదట మార్కెట్లోకి తెచ్చింది. దీని వెనుక ఉన్న పరిశోధనకు జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకీరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఒక పక్క నుంచి గ్రాఫైట్ పొరల్లోకి చేరతాయి, వాడుతుంటే వెనక్కి వస్తాయి. ఈ రాకపోకల్లో కొంత లిథియం ప్రతిసారీ గ్రాఫైట్ మీది పలచని పొరలో చిక్కుకుపోతుంది. అరుగుదల అంటే ప్రధానంగా ఇదే. దీన్ని పూర్తిగా ఆపలేం, వేగం తగ్గించగలం.

ఆ వేగాన్ని పెంచేవి వేడి, నిండు ఛార్జింగ్. రెండూ కలిస్తే మరీ చేటు. లిథియం అయాన్ బ్యాటరీని సుమారు 40 శాతం ఛార్జింగ్‌తో 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఏడాది పాటు కదపకుండా ఉంచితే సామర్థ్యంలో దాదాపు 96 శాతం మిగులుతుందని, 40 డిగ్రీల వద్ద నిండుగా ఉంచితే 65 శాతానికి పడిపోతుందని తరచూ చెప్పే లెక్క. రోహిణి కార్తెలో ఫ్యాన్ తిరగని గదిలో, తలగడ కింద, తెల్లవార్లూ ఛార్జర్‌కు తగిలించి ఉన్న ఫోన్ స్థితి ఈ రెండో లెక్కకు దగ్గర. నూరు శాతం చేరగానే ఫోన్ కరెంటు తీసుకోవడం ఆపేస్తుంది కాబట్టి అది పేలిపోతుందన్న భయం అక్కర్లేదు. కానీ గంటల తరబడి అధిక వోల్టేజీలో, వేడిలో ఉండటమే అరుగుదలను పెంచుతుంది.

కాబట్టి మామూలు రోజుల్లో 20–80 శాతం మధ్య తిప్పుకోవడం మంచిది. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సదుపాయం సెట్టింగ్స్‌లోనే ఉంది. ఛార్జింగ్ పెట్టేటప్పుడు మందపాటి పౌచ్ తీసేయాలి. మోటారు సైకిల్ ట్యాంకు కవరులో, ఆటో డాష్‌బోర్డు మీద, ఎండలో పనిచేసే కొబ్బరి దింపు కార్మికుడి జేబులో ఫోన్ ఎంత వేడెక్కుతుందో చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. అలా కాలుతున్న ఫోన్‌ను వెంటనే ఛార్జింగ్ పెట్టకూడదు. ఫ్రిజ్‌లో అసలే పెట్టకూడదు, లోపల చెమ్మ పడుతుంది. నీడలో, ఫ్యాన్ గాలికి పావుగంట వదిలేస్తే చాలు.

వరద రోజుల్లో

పైన చెప్పిన 20–80 శాతం నియమాన్ని వరద వచ్చినప్పుడు పక్కన పెట్టాలి. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టులో అక్కడ 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద నమోదైంది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. అలాంటప్పుడు నది మధ్య ఉండే లంక గ్రామాల కాజ్‌వేలు మునిగి, కరెంటు తీసేసి, రాకపోకలకు పడవే దిక్కవుతుంది. ఆ సమయంలో 80 శాతం దగ్గర ఆపేయడం పొరపాటు. మొదటి హెచ్చరిక వినగానే ఇంట్లోని ఫోన్లన్నీ, పవర్ బ్యాంకులన్నీ నూటికి నూరు శాతం నింపి పెట్టుకోవాలి. నాలుగు రోజుల నిండు ఛార్జింగ్‌తో బ్యాటరీకి కలిగే నష్టం లెక్కలోకి రాదు. వైద్యానికి, పడవకు ఫోన్ చేయలేకపోతే కలిగే నష్టం వేరు.

పవర్ బ్యాంకు మీద రాసిన అంకెను నమ్మి లెక్కేసుకోకూడదు. 10,000 ఎంఏహెచ్ అన్నది లోపలి సెల్ వోల్టేజీ, అంటే సుమారు 3.7 వోల్టుల దగ్గరి లెక్క. బయటికి 5 వోల్టులుగా మార్చి ఇచ్చేసరికి చేతికందేది ఆరు వేల చిల్లర. ఫోన్ బ్యాటరీ అంకె కూడా సెల్ వోల్టేజీ లెక్కే కాబట్టి, 5,000 ఎంఏహెచ్ ఫోన్ ఒకటిన్నర సార్లు నిండితే అది మంచి పవర్ బ్యాంకే.

ఉన్న ఛార్జింగ్‌ను పొదుపుగా వాడటంలో సిగ్నల్‌దే పెద్ద పాత్ర. టవర్ దూరమైన కొద్దీ, సిగ్నల్ సన్నగిల్లిన కొద్దీ ఫోన్ తన ప్రసార శక్తిని పెంచుకుంటూ పోతుంది. జేబులో ఊరికే ఉన్నా బ్యాటరీ కరిగిపోతుంది. వరదల్లో టవర్లూ జనరేటర్ల మీద ఆధారపడతాయి. డీజిల్ అయిపోతే అవీ ఆగుతాయి. 5జీ అందీ అందకుండా ఉన్నచోట 4జీకి మార్చుకోవాలి. ఏమాత్రం సిగ్నల్ లేనప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, గంటకోసారి తీసి చూసుకోవాలి. వీడియో కాల్‌కు బదులు ఒక ఎస్సెమ్మెస్ పంపితే గల్ఫ్‌లో ఉన్న ఇంటివాళ్ల ఆదుర్దా తీరుతుంది, ఛార్జింగూ మిగులుతుంది. జగ్గన్నతోట ప్రభల తీర్థం వంటి జన సందోహంలో ఛార్జింగ్ ఇట్టే అయిపోవడానికీ నెట్‌వర్క్ రద్దీ ఒక కారణం, దానికి వీడియో చిత్రీకరణ తోడవుతుంది.

తడి, ఉప్పు, చిలుము

ఫోన్ కాలవలో పడితే బియ్యం డబ్బాలో కుక్కడం ఇక్కడ అలవాటు. వరి పండే నేలలో బియ్యానికి కొదవ లేదు కాబట్టి ఆ నమ్మకం మరీ గట్టిది. అది పనిచేయదు. మూసి ఉన్న ఫోన్ లోపలి నీటిని బియ్యం బయటికి లాగలేదు. పైగా తవుడు, పొడి ఛార్జింగ్ రంధ్రంలోకి చేరతాయి. తడిసిన ఐఫోన్‌ను బియ్యంలో పెట్టవద్దని ఆపిల్ సంస్థే తన సూచనల్లో రాసింది.

చేయాల్సింది ఇది: వెంటనే స్విచాఫ్ చేయాలి, సిమ్ ట్రే తీయాలి, ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని నెమ్మదిగా తట్టాలి, గాలి ఆడేచోట ఆరబెట్టాలి. ఆన్ అవుతుందో లేదో చూద్దామన్న ఆత్రమే ఎక్కువ ఫోన్లను చంపుతుంది. తడి మీద కరెంటు పారితే రాగి భాగాలు గంటల్లో చిలుము పట్టి పచ్చబడతాయి. రొయ్యల చెరువు నీరు, అంతర్వేది సముద్రపు నీరు అయితే ఉప్పు వల్ల ఈ చిలుము మరింత వేగంగా పడుతుంది. నీరు ఆరినా ఉప్పు లోపలే ఉండిపోతుంది. అందుకే ఉప్పునీటిలో పడిన ఫోన్‌ను ఆరాక మళ్లీ వాడుకోవచ్చని ఊరుకోకుండా, అదే రోజు షాపులో విప్పించి బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగించాలి.

నీటిని తట్టుకుంటాయని చెప్పే ‘ఐపీ68’ గుర్తు ఉన్న ఫోన్లకూ ఇది వర్తిస్తుంది. ఆ పరీక్షలు మంచినీటిలో, కొత్త ఫోన్ల మీద జరుగుతాయి. ఒకసారి కింద పడి అంచు పగిలినా, డిస్‌ప్లే మార్పించినా ఆ రక్షణ మీద భరోసా ఉండదు.

ఛార్జర్లు

రాజోలు ప్రాంతంలో చాలా ఇళ్లకు ఫోన్లు, ఛార్జర్లు కువైట్, దుబాయ్, మస్కట్‌ల నుంచి వస్తాయి. అక్కడి ప్లగ్గు పలకల్లాంటి మూడు పిన్నుల బ్రిటిష్ రకం. కరెంటు వోల్టేజీ ఇంచుమించు మనదే కాబట్టి ఛార్జర్‌కు ఇబ్బంది లేదు, చిక్కంతా సాకెట్‌తోనే. పుల్ల గుచ్చి ప్లగ్గును ఇరికించడం వల్ల వదులుగా తగిలి నిప్పురవ్వలు వస్తాయి, ఛార్జర్ కాలిపోతుంది. సరైన అడాప్టర్ కొనడం దీనికి తేలికైన విరుగుడు. 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునే ఛార్జర్లే ఎక్కువ కాబట్టి లో వోల్టేజీతో పెద్ద ముప్పు లేదు. ఉరుములు, మెరుపులప్పుడు మాత్రం ప్లగ్గు పీకేయాలి.

తరచూ ‘పిన్ పోయింది’ అనుకునేది నిజానికి ఛార్జింగ్ రంధ్రంలో గట్టిపడిన పీచు, దుమ్ము. స్విచాఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో నెమ్మదిగా తీస్తే చాలాసార్లు ఖర్చు లేకుండానే బాగవుతుంది. సూది వాడకూడదు.

హ్యాంగ్ అవడం

ఫోన్ హ్యాంగ్ అవడానికి సాధారణ కారణం స్టోరేజీ నిండిపోవడమే. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా ఆపితే సగం బరువు తగ్గుతుంది. పెళ్లి శుభలేఖ పేరుతోనో, ప్రభుత్వ పథకం పేరుతోనో వచ్చిన ఏపీకే ఫైలు (యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) నొక్కాక ఫోన్ ఊరికే వేడెక్కుతుంటే అది బ్యాటరీ జబ్బు కాకపోవచ్చు, ఆ ఫైలుతో చొరబడిన మోసపు యాప్ పని కావచ్చు. వెంటనే నెట్ ఆపాలి. బ్యాంకు ఖాతాలో డబ్బు పోయినట్టు కనబడితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

బ్యాటరీ మార్చడం

సాధారణ బ్యాటరీ సుమారు 500 పూర్తి సైకిళ్ల తర్వాత 80 శాతం సామర్థ్యానికి తగ్గుతుందన్నది పాత అంచనా. 2025 జూన్ 20 నుంచి ఐరోపా సమాఖ్యలో అమ్మే ఫోన్లకు ఇది 800 సైకిళ్లు ఉండి తీరాలి. సగం చొప్పున రెండుసార్లు నింపితే ఒక సైకిల్. 30 శాతం చూపిస్తూనే ఫోన్ ఆగిపోతుంటే బ్యాటరీ మార్చే సమయం వచ్చినట్టే. కొత్త ఫోన్ అవసరం లేదు. కొత్త బ్యాటరీ మీద భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

వెనుక మూత లేచినా, డిస్‌ప్లే అంచు విడిపోయినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. లోపలి ద్రావకం విచ్ఛిన్నమై వాయువు తయారవుతుంది. దాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు. షాపుకు తీసుకెళ్లేదాకా మంట అంటుకునే వస్తువులకు దూరంగా, కొబ్బరి పీచుకు, గడ్డిమేటకు ఆమడ దూరంలో ఉంచాలి. తీసేసిన పాత బ్యాటరీని చెత్తబుట్టలోనో, కాలవలోనో వేయకుండా షాపులోనే ఇచ్చి, రీసైక్లింగ్‌కు పంపమని అడగాలి.